తాత ఇచ్చిన మాట – మనవడి మెడకు తాడు

2015 జులైలో ‘బాహుబలి’ మొదటి భాగం వచ్చింది. 2017 ఏప్రిల్లో రెండో భాగం వచ్చింది. నడుమ ఉన్న ఆ రెండేళ్ళూ ఊరూవాడా ఒకటే ప్రశ్న: కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు? టీకొట్టు దగ్గర అదే, బస్సులో అదే, పేపర్లో అదే. జవాబు తెలిసిపోయాక ఆ ప్రశ్న పాతబడింది. 2025 అక్టోబరు 31న రెండు భాగాలూ కలిపి ‘బాహుబలి: ది ఎపిక్’ అని మళ్ళీ వదిలారు. కట్టప్ప ఇంకొకరి పాదం తీసి తన నెత్తిన పెట్టుకునే చోట మళ్ళీ ఈలలు పడ్డాయి. ఆ ఈలల్లో మన వాడల కుర్రాళ్ళవీ ఉన్నాయి.

మేము అడిగేది వేరే ప్రశ్న. కట్టప్ప ఎందుకు చంపాడన్నది కాదు. చంపనని ఎందుకు అనలేకపోయాడు?

“సినిమాను సినిమాగా చూడరాదా, ఇందులోనూ కులమేనా?” అని కొందరు పెద్దమనుషులు అంటారు. నిజమే, సినిమాలో కట్టప్ప కులం పేరు చెప్పలేదు. మేమూ అంటగట్టబోవడం లేదు. కానీ అతను బానిస ఎట్లా అయ్యాడో మాత్రం చెప్పారు. పుట్టుకతో అయ్యాడు. మాకు అంతే చాలు. పుట్టుక చూసి పని కట్టబెట్టే పద్ధతికి ఈ దేశంలో ఏం పేరుందో మనకు ఇంకొకరు చెప్పాలా?

పైగా ఇది మన బతుకుకు తగిలే సంగతి. “నమ్మినబంటు” అన్న మాట మన ఊళ్ళల్లో పెద్ద పొగడ్త. ముప్ఫై ఏళ్ళు ఒకే ఇంట్లో జీతం చేసినవాణ్ణి “మావాడు, నమ్మినబంటు” అని నలుగురిలో భుజం తడతారు. అదే మనిషి ఒకనాడు కూలి పెంచమని అడిగితే? తెల్లారేసరికి “తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాడు” అవుతాడు. అంటే ఆ పొగడ్త మన మనిషికి ఇచ్చింది కాదు, మన మౌనానికి ఇచ్చింది. కట్టప్పకు పడే ఈలల్లో కూడా ఈ లెక్క ఉంది. అందుకే రాస్తున్నాం.

కత్తి ఉంది, పీట లేదు

మాహిష్మతి రాజ్యంలో కట్టప్పను మించిన యోధుడు అరుదు. దూరదేశం నుంచి కత్తులు అమ్ముకోవడానికి వచ్చిన అస్లంఖాన్ అతని పనితనం చూసి నోరెళ్ళబెడతాడు. ఇంతటి వీరుడు బానిస అని తెలిసి, విడిపిస్తాను రమ్మంటాడు. కట్టప్ప వద్దంటాడు. ఎందుకయ్యా అంటే, అతని పూర్వీకులు సింహాసనానికి మాటిచ్చారట. ఆ వంశంలో పుట్టిన ప్రతివాడూ ఆ సింహాసనానికి కట్టుబడి ఉండాలట.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. మాటిచ్చింది ఎవరు? ఎప్పుడో పోయిన తాతముత్తాతలు. ఇచ్చినప్పుడు వాళ్ళ మెడ మీద కత్తి ఉందా, కడుపులో ఆకలి ఉందా? కథ చెప్పదు. బదులుగా రాజు వాళ్ళకేం మాటిచ్చాడు? అదీ చెప్పదు. మాట అన్నాక రెండు వైపులా ఉండాలి. ఒక్క వైపే ఉంటే దాన్ని మాట అనరు, తాడు అంటారు.

కట్టప్ప పని చూడండి. యువరాజు అమరేంద్రుడు దేశాటనకు పోతే వెంట పోయేది అతనే. కుంతల రాజ్యంలో అమరేంద్రుడు అమాయకుడి వేషం కడితే, అతని తరఫున కథ అల్లి నలుగురినీ నమ్మించేదీ అతనే. యుద్ధం వస్తే ముందు నిలబడేదీ అతనే. అంటే అంగరక్షకుడూ అతనే, అవసరం పడితే రాయబారీ అతనే. చెయ్యీ అతనిదే, నోరూ అతనిదే. మరి సభలో అతని చోటు ఎక్కడ? సింహాసనం పక్కన నిలబడే చోటు. కూర్చునే చోటు కాదు. చేతికి కత్తి ఇచ్చారు, కూర్చోవడానికి పీట ఇవ్వలేదు.

పీట లేకపోతే ఏమవుతుందో కథే చూపిస్తుంది. అమరేంద్రుణ్ణి చంపమని రాజమాత శివగామి ఆజ్ఞ ఇస్తుంది. అది తప్పని కట్టప్పకు తెలుసు. బతిమాలతాడు, ఏడుస్తాడు. అంతకు మించి అతనికి హక్కు లేదు. నువ్వు చంపకపోతే నేనే చంపుతానని ఆమె అంటుంది. తనను నోరారా “మామా” అని పిలిచినవాణ్ణి అతను వెనకనుంచి పొడుస్తాడు. ఇదంతా బిజ్జలదేవుడూ భల్లాలదేవుడూ కలిసి పన్నిన కుట్ర అని తర్వాత తెలుస్తుంది. ఆ నిజం శివగామికి చెప్తాడు. చెప్పి ఏం లాభం? చెయ్యి చేసిన పని నోరు వెనక్కి తీసుకోలేదు గదా.

ఆ తర్వాత పాతికేళ్ళు అదే భల్లాలుడి సింహాసనాన్ని కాపలా కాస్తాడు. అమరేంద్రుడి భార్య దేవసేనను గొలుసులతో కట్టి పడేసిన రాజ్యంలోనే నౌకరీ చేస్తాడు. పాతికేళ్ళ తర్వాత ఒక కుర్రవాడి ముఖంలో పాత యజమాని పోలిక కనబడగానే అతని పాదం తీసి నెత్తిన పెట్టుకుంటాడు. ఆఖర్న కొత్త రాజుకు పట్టాభిషేకం అవుతుంది. కట్టప్ప వంశాన్ని విడిచిపెడుతున్నామన్న మాట మాత్రం తెరమీద ఒక్కటీ వినపడదు. రాజు మారాడు. బంటు బంటుగానే మిగిలాడు.

ఆనంద్ నీలకంఠన్ 2017లో ఈ కథకు ముందు కథగా ‘ది రైజ్ ఆఫ్ శివగామి’ అనే నవల ఇంగ్లీషులో రాశాడు. అందులో కట్టప్పకు ఒక తమ్ముడున్నాడు. పేరు శివప్ప. అతను బానిసతనాన్ని ఒప్పుకోడు. ఒకే తండ్రి, ఒకే ఇల్లు, ఒకే ‘తాతల మాట’. అన్న తల వంచాడు, తమ్ముడు తల ఎత్తాడు. కోట్లమంది చూసిన తెరమీద మాత్రం అన్న ఒక్కడే ఉన్నాడు. మన వాడల్లో శివప్పలు లేరా? ప్రతి వాడలోనూ ఒకడున్నాడు. వాణ్ణి “తలబిరుసోడు” అంటారు.

ప్రమాణం వేరు, పుట్టుక వేరు

రాజును కాచే వీరుల కథలు ఒక్క మనకే కాదు, చాలా దేశాల్లో ఉన్నాయి. ఫ్రాన్సు రచయిత అలెగ్జాండర్ డ్యూమా 1844లో ‘త్రీ మస్కెటీర్స్’ రాశాడు. రాజుగారి తుపాకీ భటుల కథ అది. పల్లెటూరి కుర్రాడు డార్టన్యాన్ ఆ దళంలో చేరాలని తనంతట తానే పారిస్ వస్తాడు. రాణి పరువు దక్కించడానికి రహస్యంగా లండన్ పోయి వజ్రాలు తెస్తాడు. కాపలా పనీ, రాయబారం పనీ రెండూ చేస్తాడు. చివరకు ఆ దళంలోనే అధికారి పదవి అందుకుంటాడు. ఈ కథ రాసిన డ్యూమా ఎవరనుకున్నారు? అతని నాయనమ్మ నల్లజాతి బానిస స్త్రీ. ఆమె కడుపున పుట్టిన కొడుకు విప్లవం నాటి ఫ్రాన్సులో జనరల్ అయ్యాడు. ఆ జనరల్ కొడుకే ఈ రచయిత. బానిస మనవడు బానిసగానే ఉండాలన్న రూలు అక్కడ తెగిపోయింది కాబట్టే మనకీ పుస్తకం దక్కింది.

అమెరికా రచయిత జార్జ్ మార్టిన్ 1996లో ఒక నవలల వరస మొదలుపెట్టాడు. అది 2011 నుంచి 2019 దాకా ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ పేరుతో టీవీలో వచ్చింది. పట్నాల్లో చదువుకునే మన పిల్లలు చాలామందికి తెలుసు. అందులో ‘కింగ్స్‌గార్డ్’ అని రాజరక్షక దళం ఉంది. ఏడుగురు వీరులు, తెల్లటి అంగీలు. పెళ్ళి చేసుకోం, భూమి అడగం, చచ్చేదాకా రాజును కాస్తాం అని ప్రమాణం చేస్తారు. ఆ దళం పెద్దకు రాజుగారి మంత్రి సభలో కుర్చీ ఉంటుంది.

ఇక్కడ రెండు తేడాలు పట్టుకోవాలి. ఒకటి, అక్కడ ప్రమాణం చేసేవాడు తన నోటితో చేస్తాడు, తన బతుకు మీద చేస్తాడు. పైగా పెళ్ళీ పిల్లలూ లేరు కాబట్టి ఆ కట్టుబాటు అతనితోనే పోతుంది, కొడుక్కి రాదు. కట్టప్ప సంగతి తిరగేసి ఉంది. మాట తాతది, బతుకు మనవడిది. రెండు, అక్కడ కాచేవాడికి సభలో చోటుంది. ఇక్కడ లేదు.

ఆ నవలల్లో జేమీ లానిస్టర్ అని ఒక రక్షకుడున్నాడు. అతను కాయాల్సిన రాజుకు పిచ్చి ముదిరి, నగరం నగరాన్నే తగలబెట్టమని ఆజ్ఞ ఇస్తాడు. జేమీ ఆ రాజునే పొడిచేస్తాడు. లక్షల మంది బతుకుతారు. అయినా లోకం అతన్ని “రాజును చంపినవాడు” అని బతుకంతా ఎత్తిపొడుస్తుంది. ఇటు కట్టప్ప, ఆజ్ఞ అందిందని మంచివాణ్ణి చంపాడు. అతను “విశ్వాసపాత్రుడు” అయ్యాడు. చూశారా తిరకాసు! జనాన్ని కాపాడి ఆజ్ఞ మీరినవాడు ద్రోహి. ఆజ్ఞ పాటించి ధర్మాన్ని పొడిచినవాడు నమ్మినబంటు. ఈ కొలమానం ఎవరి చేతిలో ఉంది? సింహాసనం మీద కూర్చున్నవాడి చేతిలో.

అదే కథలో బారిస్టన్ సెల్మీ అనే ముసలి వీరుడున్నాడు. ముసలివాడివైపోయావు పొమ్మని కొత్త రాజు గెంటేస్తే, అంగీ విప్పి నేలకు కొట్టి వెళ్ళిపోతాడు. తాను తగినదనుకున్న రాణిని వెతుక్కుంటూ సముద్రం దాటుతాడు. అంటే ఎవరిని కాయాలో తేల్చుకునే దారి అతనికుంది. మేము ఆ వీరుల్ని నెత్తిన పెట్టుకోవడం లేదు. వాళ్ళలో ఎక్కువమంది పెద్దింటి బిడ్డలే. కూలోడి కొడుక్కి ఆ తెల్ల అంగీ దొరకడం అక్కడా అరుదే. మేము చెప్పేది ఒకటే. కాదనే దారి ఉన్నవాడు ఔనంటే దాన్ని విశ్వాసం అనొచ్చు. కాదనే దారే లేనివాడు ఔనంటే దాని పేరు వెట్టి.

ఉత్తరం మోసినోళ్ళం, చదవనివ్వనోళ్ళం

కట్టప్ప కథలో ఉంది. కట్టప్ప పని మాత్రం మన ఊళ్ళల్లో నిజంగా ఉండింది. తలారి అన్నారు, వెట్టి అన్నారు, మస్కూరి అన్నారు, సేతసింధి అన్నారు. ఊరు కాసింది ఎవరు? శిస్తు డబ్బు కచేరీకి చేర్చేటప్పుడు వెంట నడిచింది ఎవరు? అమీనా వస్తే దారి చూపింది, మూట మోసింది ఎవరు? రాత్రీ పగలూ ఊరికీ ఊరికీ మధ్య ఉత్తరం పట్టుకుని పరిగెత్తింది ఎవరు? ఎక్కువ ఊళ్ళల్లో మనోళ్ళే. కాపలా మనదే, కబురు మనదే. కానీ మోసిన ఉత్తరంలో ఏముందో చదివే చదువు మనకు ఇవ్వలేదు. డబ్బు మూట కాసినవాడికి ఆ డబ్బు లెక్క చెప్పలేదు.

మహారాష్ట్రలో దీన్నే మహర్ వతన్ అన్నారు. ఊరి కాపలా, అధికారుల వెంట నడవడం, కబుర్లు మోయడం మహర్లకు వంశపారంపర్య పని. బదులుగా కాస్త భూమి, ఊరి రైతులు విదిలించే గింజలు. 1874 నాటి బొంబాయి వంశపారంపర్య ఉద్యోగాల చట్టం దాన్ని గట్టి చేసింది. పిలుపు వచ్చినప్పుడు ఇంటి మగవాడు లేకపోతే ఇంట్లో ఇంకొకరు పోవాల్సిందే. అంటే నౌకరీ మనిషిది కాదు, ఇంటిది. రక్తానిది.

అంబేడ్కర్ ఏం చేశాడు? “మన పూర్వీకులు ఇచ్చిన మాట, గొప్పగా నిలబెట్టుకుందాం” అన్నాడా? లేదు. 1928లో బొంబాయి శాసనమండలిలో ఆ చట్టాన్ని సవరించమని బిల్లు పెట్టాడు. ఆ బిల్లు అప్పుడు నెగ్గలేదు. ఆ చిన్న భూమి ముక్కే మహర్ల కాలికి గొలుసైందని ఆయన పట్టుకున్నాడు. భూమి పోతుందేమోనని మనోళ్ళలోనే కొందరు భయపడ్డారు. అయినా వెనక్కి తగ్గలేదు. చివరకు 1958లో బొంబాయి రాష్ట్రం ఊరి కింది నౌకర్ల వతన్లను చట్టం చేసి రద్దు చేసింది. ముప్ఫై ఏళ్ళు పట్టింది. తాత మాట తెంచడానికి అంత కాలం పట్టింది.

మన దగ్గర కూడా ఊరి నౌకర్ల పేర్లు మారుతూ వచ్చాయి. గ్రామ సేవకులన్నారు, తర్వాత వీఆర్‌ఏలన్నారు. పేరు మారినా పని గంటలకు లెక్క లేదు, జీతానికి స్కేలు లేదు. 2022లో తెలంగాణ వీఆర్‌ఏలు పేస్కేలు కావాలని రెండు నెలలకు పైగా సమ్మె చేశారు. 2023లో సర్కారు వాళ్ళను రెగ్యులర్ చేసి వేరే శాఖల్లోకి తీసుకుంది. ఆ జీవో విశ్వాసానికి ఇచ్చిన బహుమానం కాదు. సమ్మె చేసి తెచ్చుకున్నది.

చట్టం కట్టప్ప పక్షానే ఉంది

సంఘం కార్యకర్తలు ఈ భాగం వాడలో చదివి వినిపించండి. 1976లో వెట్టి చాకిరీ నిర్మూలన చట్టం వచ్చింది. వెట్టి అంటే ఏమిటో ఆ చట్టం వివరంగా చెప్పింది. అప్పు తీసుకుని చేసే చాకిరీ ఒక్కటే కాదు. ఆచారం పేరుతో చేసేదీ వెట్టే. తాతతండ్రుల నుంచి వారసత్వంగా మీదపడ్డ కట్టుబాటు వల్ల చేసేదీ వెట్టే. ఫలానా కులంలో పుట్టావు కాబట్టి చెయ్యాలి అన్నదీ వెట్టే. ఆ లెక్కన కట్టప్ప చేసింది అక్షరాలా వెట్టి. మాహిష్మతి ఇప్పుడుంటే, సింహాసనం మీద కూర్చున్నవాడికి మూడేళ్ళ దాకా జైలు, రెండు వేల దాకా జరిమానా పడేది.

ఇంకో సంగతి గుర్తుపెట్టుకోండి. అది వెట్టి అప్పు కాదని రుజువు చేసుకోవాల్సింది అప్పిచ్చినవాడే, మనం కాదు. వెట్టి కింద పెట్టిన అప్పు చట్టప్రకారం రద్దయినట్టే. విడిపించే బాధ్యత కలెక్టరుదీ, ఆయన కింది అధికారులదీ. జిల్లాకూ డివిజనుకూ విజిలెన్సు కమిటీలు ఉండాలని, వాటిల్లో ఎస్సీ, ఎస్టీలు ఉండాలని చట్టమే చెప్పింది. మీ డివిజనులో ఆ కమిటీ ఉందా? ఎవరున్నారు అందులో? ఆఖరుసారి ఎప్పుడు కూర్చున్నారు? ఆర్డీవో ఆఫీసుకు పోయి అడగండి. ఇటుకబట్టీలో, కోళ్ళఫారంలో, దొర తోటలో “మా నాన్న తీసుకున్న బాకీ” అని పనిచేస్తున్న ప్రతివాడూ కట్టప్పే. వాడికి ఈలలు అక్కర్లేదు, విడుదల పత్రం కావాలి.

సింహాసనం పోయాక బంటు గతి

“రాజును నమ్ముకుంటే రాజు చూసుకుంటాడు” అంటారు. చూసుకున్నాడా? హైదరాబాదులో మాసబ్‌ట్యాంక్ పక్కన ఏసీ గార్డ్స్ అనే బస్తీ ఉంది. ఏసీ అంటే చల్లగాలి మిషను కాదు. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్, అంటే ఆఫ్రికా అశ్విక రక్షక దళం. వనపర్తి సంస్థానం రాజు ఆఫ్రికా నుంచి వచ్చిన సిద్దీలతో ఒక అంగరక్షక దళం పెట్టాడు. తర్వాత దాన్ని నిజాముకు అప్పగించాడు. చూడండి, ఒక రాజు ఇంకో రాజుకు గుర్రాలను ఇచ్చినట్టు మనుషుల దళాన్ని ఇచ్చాడు. 1948లో హైదరాబాదు భారతదేశంలో కలిసింది. సంస్థానం పోయింది, దళం పోయింది, జీతం పోయింది.

రాజులకేమైంది? వాళ్ళకు రాజభరణాలు ఇస్తామని రాజ్యాంగంలోనే రాశారు. 1971లో 26వ సవరణతో రద్దయ్యేదాకా అవి నడిచాయి. రాజులకు రాజ్యాంగంలో ఒక అధికరణం దొరికింది. వాళ్ళను ప్రాణం పెట్టి కాచినోళ్ళకు ఒక బస్తీ పేరు దొరికింది. వాళ్ళ పిల్లలు పెళ్ళిళ్ళలో మర్ఫా వాయించి పొట్ట పోసుకున్నారు. విశ్వాసం కిందనుంచి పైకే పోతుంది. పైనుంచి కిందికి వచ్చిన దాఖలా తక్కువ.

చాకిరీకి పుట్టుక, గౌరవానికీ పుట్టుకే

ఇంతవరకూ చాకిరీని పుట్టుకతో కట్టబెట్టిన సంగతి చెప్పాం. ఇప్పుడు రెండో వైపు చూడండి. కాపలా పనికి గౌరవం, జీతం, ఎర్రకోటు, ఎత్తైన గుర్రం వస్తే ఏమవుతుందో చూడండి.

ఢిల్లీలో రాష్ట్రపతి అంగరక్షక దళం ఉంది. 1773లో వారన్ హేస్టింగ్స్ కాశీలో పెట్టిన దళం. రిపబ్లిక్ డే రోజున రాష్ట్రపతి వెంట గుర్రాల మీద వచ్చేది వీళ్ళే. ఈ దళంలోకి జాట్లను, రాజపుత్రులను, జాట్ సిక్కులను మాత్రమే తీసుకుంటున్నారని కోర్టులో కేసు పడింది. 2013లో సైన్యం సుప్రీంకోర్టు ముందు ఆ మాట ఒప్పుకుంది. కులం కోసం కాదు, కవాతులో అందరూ ఒకే ఎత్తు, ఒకే రూపం ఉండాలని సమాధానం చెప్పింది. 2018లో ఇదే సంగతి మీద ఢిల్లీ హైకోర్టు నోటీసులు ఇచ్చింది.

మరి ఎత్తున్న మాలపిల్లవాడు, ఎత్తున్న మాదిగపిల్లవాడు, ఎత్తున్న యాదవపిల్లవాడు దేశంలో లేడా? టేపు పెట్టి కొలిచేటప్పుడు కులం ఎందుకు కొలవాలి? కె.ఆర్. నారాయణన్ 1997లో రాష్ట్రపతి అయ్యాడు. 2017లో రామ్‌నాథ్ కోవింద్ అయ్యాడు. 2022లో ఆదివాసీ బిడ్డ ద్రౌపది ముర్ము అయింది. అంటే మనవాడు రాష్ట్రపతి కావచ్చు. ఆ రాష్ట్రపతి గుర్రపు దళంలో సిపాయి కావడానికి మాత్రం పుట్టుక అడ్డం వచ్చింది. చాకిరీ అయితే పుట్టుక చూసి మన మెడకు కట్టారు. గౌరవం అయితే అదే పుట్టుక చూసి తలుపు మూశారు. తాడూ అదే, తాళమూ అదే.

ఇది కొత్తదీ కాదు. అంబేడ్కర్ తండ్రి రాంజీ సక్పాల్ సైన్యంలో సుబేదారు. 1890ల్లో ఇంగ్లీషువాళ్ళు “పోరాట జాతులు” అని కొన్ని కులాలను విడదీసి, మహర్లను సైన్యంలోకి తీసుకోవడం మానేశారు. మళ్ళీ మహర్ రెజిమెంటు 1941లో గానీ నిలబడలేదు. ఏళ్ళ తరబడి కత్తి పట్టనివ్వలేదు, పట్టడం రాదనీ అన్నారు.

ఇంకో చేదు సంగతి. 2015లో బాహుబలి తమిళ సినిమాలో అరుంధతీయులను కించపరిచే ఒక మాట వాడారని తమిళనాట నిరసనలు జరిగాయి. ఆ మాట ఇక్కడ రాయం. అరుంధతీయులంటే మనకు దూరం కాదు, వాళ్ళలో చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఆ అరుంధతీయుల బిడ్డే ఒండివీరన్. 18వ శతాబ్దంలో నెర్కట్టుంసెవల్ పాలెగాడు పులితేవన్ సేనలో సేనాని. కుంఫిణీ సైన్యం మీద పోరాడినవాడు. 2022లో కేంద్ర ప్రభుత్వం అతని పేర తపాలా బిళ్ళ వేసింది. కట్టుకథలోని బానిస వీరుడు ప్రతి ఇంటికీ తెలుసు. నిజంగా పుట్టి, సేనను నడిపిన ఒండివీరన్ మన పిల్లలకు ఎంతమందికి తెలుసు? ఒకడు పాదం నెత్తిన పెట్టుకున్నాడు కాబట్టి తెరకెక్కాడు. ఇంకొకడు సేనకు ముందు నడిచాడు కాబట్టి మరుగున పడ్డాడు.

ఇప్పటి కట్టప్పలకు

ఇక ఇవాళ్టి సంగతి. రాజులు పోయారు. కానీ ఎలక్షన్లు వస్తే మన కుర్రాళ్ళ చేతికి బైకు, మెడలో కండువా, జేబులో ఐదొందలు. నాయకుడి కారుకు ముందూ వెనకా వీళ్ళే. గొడవైతే తల పగిలేది వీళ్ళకే, కేసులో పేరు ఎక్కేది వీళ్ళకే. నాయకుడి కొడుకు అమెరికా పోతాడు, మనోడు వాయిదాలకు కోర్టుకు పోతాడు. టికెట్లు పంచే గదిలో మనోడు ఉన్నాడా? తలుపు బయట ఉన్నాడు, కాపలా.

1993లో 73వ సవరణ అమలుకు వచ్చింది. పంచాయతీల్లో మనకు రిజర్వేషను వచ్చింది. సర్పంచి కుర్చీ వచ్చింది. కానీ ఎన్ని ఊళ్ళల్లో ఆ కుర్చీలో దొర కూర్చుని, సర్పంచి గోడకు ఆనుకుని నిలబడుతున్నాడో మీకు తెలుసు. “అయ్యగారే గెలిపించారు, విశ్వాసం ఉండాలి గదా” అంటాడు. గెలిపించింది ఓటు. ఓటు ఇచ్చింది రాజ్యాంగం. విశ్వాసం ఉండాల్సింది దానిమీద.

మేము విశ్వాసాన్ని తిట్టడం లేదు. మన జనంలో ఉన్నంత విశ్వాసం ఎక్కడుంది? తోటివాడి ఇంట్లో శవం లేస్తే పని మానుకుని పోయేది మనం. జైల్లో ఉన్నవాడి పిల్లలకు గంజి పోసేది మనం. ఆ విశ్వాసం మన మనసుతో ఇచ్చింది, ఎవరూ గుంజుకున్నది కాదు. దాన్ని మనవాళ్ళకు, మన సంఘానికి, మన హక్కుకు ఇద్దాం. పుట్టుక పేరు చెప్పి అడిగేవాడికి మాత్రం ఇవ్వొద్దు.

అందుకే మూడు మాటలు. తల్లిదండ్రులారా, మీరు చేసిన జీతం మీతోనే ఆగాలి, బాకీ కాగితంతో పాటు బిడ్డను అప్పగించొద్దు. కుర్రాళ్ళారా, ఎవరైనా మీ చేతికి కర్ర ఇస్తే ముందు సభలో కుర్చీ ఏదని అడగండి, కుర్చీ లేకపోతే కర్ర వాళ్ళ చేతికే తిరిగి ఇవ్వండి. సర్పంచులారా, వార్డు మెంబర్లారా, మీ కుర్చీలో మీరు కూర్చోండి, తీర్మానం మీరు చదవండి, చదివాకే సంతకం పెట్టండి.

కట్టప్ప తాతలు ఏం మాటిచ్చారో మనకు తెలియదు. మనకు మాటిచ్చిన తాత ఒకడున్నాడు. ఆయన ఇచ్చింది రాజుకు కాదు, మనకు. రాజ్యాంగం 17వ అధికరణంలో అంటరానితనం రద్దని రాయించాడు. 23వ అధికరణంలో వెట్టి నిషేధమని రాయించాడు. నిలబెట్టుకోవాల్సిన తాత మాట అది.

జై భీమ్!